పలకాల్సిన పేరు

మార్చి 3

పెద్దమ్మకు,

ముందు మంచి వార్త చెప్పేస్తాను, ఆ తరువాత నీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకో. నాకు ఫెలోషిప్ వచ్చింది. మూడువందల మంది దరఖాస్తు పెడితే పదకొండు మందిని తీసుకున్నారు, అందులో నీ గిలక్కాయ ఒకతి. ఏడాదిపాటు నెలనెలా భత్యం ఇస్తారు. ఒక టాబ్లెట్, వేలిముద్రలు తీసుకునే చిన్న పెట్టె, మూసేసిన చెప్పుల కొట్టు పైన ఒక గది కూడా ఇచ్చారు. గదిలో ఇంకా తోలు వాసన పోలేదు. పని ఏమిటంటే, మన పేటలో డిజిటల్ గుర్తింపు కార్డు లేనివాళ్ళకు ఇప్పించడం, ఉండీ తప్పులున్నవాళ్ళకు దిద్దించడం. ఈ రోజుల్లో ఆ కార్డు లేకపోతే మనిషి లేనట్టే కదా.

ఎలా వచ్చిందో తెలుసా? అమ్మ వల్ల. దరఖాస్తుతోపాటు వ్యాసం రాయమన్నారు. ఏ జాబితాలోనూ లేని మా అమ్మ గురించి రాశాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, దర్జీ కొట్లకు గుండీ కాజాలు కుట్టి నన్ను చదివించిన మనిషి, ఓటు లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఎందుకమ్మా అంటే "నాకెందుకే అవన్నీ" అని వంటగదిలోకి పోతుంది అని రాశాను. ఇంటర్వ్యూలో ఒక మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడే ఇప్పుడు మా కోఆర్డినేటరు. మొదటి కార్డు అమ్మదే కావాలంది. ఫొటోలు తీయడానికి తనే వస్తుందట.

నాకు కావలసిందీ అదే. అమ్మకు రెండు కళ్ళలోనూ పొర ముదిరింది. రోజూ పొద్దున్నే పది సూదుల్లో దారం ఎక్కించి, వరసగా దిండుకు గుచ్చి వెళ్తున్నాను. కాజాలు ఇప్పుడు చేతి తడుముడు మీదే కుడుతోంది. కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే, కానీ కార్డు ఉండాలి.

నీ ఫోను రెండు నెలలుగా మూగబోయింది. మళ్ళీ వేలిముద్ర వేయకపోతే సిమ్ ఆపేస్తారని చెప్పానా లేదా? నేనొచ్చి రెండు నిమిషాల్లో చేసేస్తాను. అప్పటిదాకా ఈ ఉత్తరాలే గతి. కవరు మీద నువ్వు ఎప్పుడూ చెప్పినట్టే పేరు లేకుండా "లాండ్రీ పెద్దమ్మ, ఆసుపత్రి క్వార్టర్లు" అని రాశాను. ఏమిటో నీ చాదస్తం.

నీ గిలక్కాయ


మార్చి 12

ఒసే గిలక్కాయా,

నీ ఉత్తరం లాండ్రీలో అందరికీ చదివి వినిపించాను. ఇస్త్రీ బల్ల దగ్గర పొట్టాయన "మా అబ్బాయి కూడా ఏదో షిప్పు ఎక్కుతానంటున్నాడు" అన్నాడు. అది ఓడ కాదయ్యా అని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నాకు చాలా గర్వంగా ఉంది. పిల్లది బాగుపడింది అని రాత్రి పక్క మీద పడుకుని రెండుసార్లు పైకే అన్నాను.

ఇప్పుడు నా మాట విను. మీ అమ్మతో మొదలుపెట్టకు. పేటలో వందమంది ఉన్నారు, వాళ్ళవి చూడు. ఆగస్టు చివర నేను రిటైరవుతున్నాను. రావలసిన డబ్బంతా చేతికొచ్చాక నేనే వచ్చి దాన్ని మంచి ప్రైవేటు డాక్టరుకు చూపిస్తాను. ఐదు నెలలు ఓపిక పట్టలేవా? కార్డు లేకుండా ఇన్నాళ్ళు బతికింది, ఇంకో ఐదు నెలలు బతకదా?

నా ఫోను జోలికి కూడా రాకు. అది మోగకపోవడం వల్ల నాకు ప్రాణం హాయిగా ఉంది.

ఇక్కడ కొత్త మిషన్లు రెండు వచ్చాయి. దుప్పట్లు లోపల వేస్తే అవే ఉతికి, పిండి, ఆరబెడతాయి. మూలన వేసే వార్డు నంబరు మాత్రం ఇంకా నేనే చేత్తో రాస్తున్నాను, ఎన్నిసార్లు ఉతికినా పోని సిరాతో.

మీ అమ్మను అడిగానని చెప్పు. కార్డు మాట ఎత్తకు.

నీ పెద్దమ్మ


మార్చి 24

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. దాచుకోవడం ఎందుకు? "ఇన్నాళ్ళు బతికింది, బతకదా" అని ఎలా రాయగలిగావు? నీకు నెల తిరిగేసరికి జీతం, క్వార్టరు, గుర్తింపు, అన్నీ ఉన్నాయి. అమ్మకు ఒక్క కార్డు వస్తుందంటే నీకెందుకు గుచ్చుకుంటోంది? కుడికంట్లో ఒత్తిడి పెరుగుతోందని, మే దాటితే ఆ కన్ను మళ్ళీ రాదని డాక్టరు చెప్పాడు. ఆగస్టట ఆగస్టు.

అమ్మ కూడా నీలాగే. కార్డు అనగానే వంటగది. ఇద్దరూ కూడబలుక్కున్నట్టున్నారు.

మిగతా పని జోరుగానే సాగుతోంది. మార్కెట్ కాపలాదారుకు కార్డులో వేసిన పుట్టిన సంవత్సరం ఇంకా రానే లేదు. అంటే, ఇంకో పదేళ్ళకు పుడతాడన్నమాట. ఆయన అది పట్టుకుని "అమ్మా, నేను పుట్టేదాకా పెన్షన్ ఆపారు" అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వ్యాన్ డ్రైవరుకేమో ఫొటో బదులు ఎవరిదో మోచెయ్యి వచ్చింది. రెండూ సరిచేశాను. ఎంత ఆనందమేసిందో.

అమ్మ సంగతి కూడా ఎల్లుండి తేల్చేస్తున్నాను. బట్టల పెట్టె అడుగున అమ్మ ఎనిమిదో తరగతిలో గెలుచుకున్న బహుమతి పుస్తకం దొరికింది. మొదటి పేజీలో పేరు, తాతయ్య పేరు, పుట్టిన తేదీ, బడి పేరు, అన్నీ హెడ్మాస్టరు చేతిరాతతో ఉన్నాయి. అమ్మ దర్జీ కొట్టుకు వెళ్ళినప్పుడు వివరాలు ఎక్కించేస్తాను. వేలిముద్రలు తరువాత బతిమాలుకుంటాను.

నీ మాట వినడం లేదని కోపం తెచ్చుకున్నా సరే.

గిలక్కాయ


మార్చి 27

లాండ్రీ ఇన్‌ఛార్జి గారికి,

బహుమతి పుస్తకంలోని వివరాలు నిన్న ఎక్కించాను. "ఈ వ్యక్తి ఇప్పటికే నమోదై ఉన్నారు" అని వచ్చింది. ఫొటో తెరిచాను. మీ ఫొటో.

అమ్మ పేరు, అమ్మ పుట్టిన తేదీ, అమ్మ చదువు, కింద ఉద్యోగం దగ్గర ఆసుపత్రి లాండ్రీ. మిమ్మల్ని పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. కవరు మీద పేరు ఎందుకు రాయొద్దన్నారో, ఫోను ఎందుకు చచ్చిపోనిచ్చారో, అమ్మ జోలికి ఎందుకు వెళ్ళొద్దన్నారో ఇప్పుడు తెలిసింది. అమ్మ ఏ జాబితాలోనూ లేదని నేను ఊరంతా చాటాను. లేకపోవడమేం, ఉంది, మీరు అందులో కూర్చున్నారు.

ఒకసారి ఎక్కించిన వివరాలను వెనక్కి తీసుకునే దారి నాకు లేదు. డూప్లికేట్ కేసు దానంతటదే తెరుచుకుంది. నలభై ఐదు రోజుల్లో, అంటే మే 10 లోపు, నేను దాన్ని మూయాలి. రెండే గడులు ఉన్నాయి. ఒకటి "మోసం". రెండోది "వేర్వేరు వ్యక్తులు", దానికి అమ్మ ఎవరో రుజువు చూపించాలి. ఏదీ నొక్కకపోతే పైవాళ్ళు వచ్చి విచారిస్తారు. సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఏడాది నిండకుండా నేను మానేయడానికీ లేదు.

ఏం చేయమంటారో మీరే చెప్పండి.


ఏప్రిల్ 5

తల్లీ,

నువ్వు రాసినవాటిలో అన్నింటికంటే "మీరు" అన్న మాటే నొప్పి పెట్టింది. మిగతావన్నీ నిజమే కాబట్టి ఏమనను?

జరిగింది చెబుతాను. నేను మీ అమ్మకంటే మూడేళ్ళు పెద్ద. ఐదుతో నా చదువు ఆగిపోయింది. అది ఎనిమిది పాసైంది. ఆసుపత్రి లాండ్రీలో పద్దు రాసే ఉద్యోగానికి ఎనిమిది కావాలన్నారు. దానికి ఇరవై ఒకటి నిండగానే పిలుపు వచ్చింది. సరిగ్గా చేరాల్సిన రోజుకు ముందురోజు మెట్ల మీద జారి దాని చీలమండ బెణికింది. పాదం గుమ్మడికాయంత వాచింది. మా నాన్న నన్ను పిలిచి, "ఒక్క రోజు నువ్వెళ్ళి దాని పేరు పిలిస్తే పలికి రా. లేకపోతే ఉద్యోగం పక్కవాడికి పోతుంది" అన్నాడు. వెళ్ళాను. పిలిచారు. "ఉన్నాను సార్" అన్నాను. అంతే, ఆ ఒక్క మాటే.

వారానికి కాలు నయమవుతుంది, మార్చేసుకుందాం అనుకున్నాం. రెండు వారాలైనా అది నడవలేదు. ఈలోగా సూపర్‌వైజరుకు నా ముఖం తెలిసిపోయింది, పద్దు పుస్తకంలో నా చేతిరాత వచ్చేసింది. ఇక దాన్ని పంపితే ఇద్దరం జైలుకే అన్నాడు నాన్న. తరువాత ఆయనా పోయాడు. ముప్ఫై ఏడేళ్ళు. కాగితం మీద నాకు యాభై ఎనిమిది, ఒంటికి అరవై ఒకటి. అందరికంటే మూడేళ్ళు ఎక్కువ ఉతికాను, అది నాకు పడిన శిక్ష అనుకునేదాన్ని.

నిన్ను బడిలో వేసినప్పుడు తల్లి పేరు దగ్గర మీ అమ్మ తన పేరే రాయించింది. అదొక్కటే మిగుల్చుకుంది. నేను అడ్డు చెప్పలేదు.

నువ్వు మే 10 అని రాశావు. నువ్వు అడగలేక అడిగింది నాకు అర్థమైంది. సోమవారం హాజరు గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. పెన్షన్ పోతే పోనీ, క్వార్టరు పోతే పోనీ. చెల్లికి కళ్ళు రావాలి. నువ్వు ఏ గడి నొక్కాలో నేను తేల్చేస్తాను.

పెద్దమ్మ


ఏప్రిల్ 13

పెద్దమ్మా,

వెళ్ళకు! ఈ ఉత్తరం చేరేసరికి నీ సోమవారం దాటిపోయి ఉంటుందని తెలిసినా రాస్తున్నాను. నిన్ను వెళ్ళమని నేను అడగలేదు. ఏం చేయమంటావని అడిగాను, అంతే. "మీరు" అన్నందుకు చెంప వాచేలా కొట్టు, పడతాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. చీలమండ దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగాను. నవ్వుతూనే అంది: "మూడో రోజుకే తగ్గిపోయిందే."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. "మొదటిరోజు సాయంత్రం అక్క ఇంటికొచ్చి దుప్పట్ల కుప్పల గురించి, ఆవిరి గది గురించి, పద్దు పుస్తకం గురించి గంటసేపు మాట్లాడిందే. బడి మానేసినప్పట్నుంచి అది ఇంట్లో నోరు విప్పింది లేదు. వంట, గిన్నెలు, మంచం, అంతే. ఆ రోజు చూస్తే వేరే మనిషి. మూడో రోజు నేను లేచి నిలబడగలిగాను. అది డ్యూటీ నుంచి వస్తున్న చప్పుడు వినబడింది. మళ్ళీ కూర్చున్నాను. రెండు వారాలు కుంటుకుంటూ తిరిగాను, ఏ కాలో మర్చిపోయి ఒకసారి రెండో కాలితో కుంటాను, అయినా ఎవరూ కనిపెట్టలేదు."

కార్డు, ఓటు, కళ్ళు ఇంత ముఖ్యమవుతాయని అప్పుడు ఎవరికి తెలుసు అంది. అక్కకు చెప్పొద్దు అని కూడా అంది. నేను చెప్పేశాను.

నాకు నిద్ర పట్టడం లేదు. పొద్దున్న ఎవరెవరివో పేర్లు సరిచేసి, వాళ్ళతో దండాలు పెట్టించుకుని, సాయంత్రం ఈ ఇంటికి వచ్చి కూర్చుంటున్నాను. తెర మీద రోజులు తగ్గుతున్నాయి. ఇరవై ఏడు.

నీ గిలక్కాయ


ఏప్రిల్ 22

ఒసే,

వెళ్ళాను. విను.

హాజరు గుమాస్తా అద్దం కిటికీ వెనక కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. "సార్, ఈ పేరు గల మనిషిని నేను కాను" అన్నాను. తల ఎత్తకుండా "రిటైర్మెంటు ముందు అందరికీ ఇలాగే ఉంటుందమ్మా" అన్నాడు. కాదు సార్, నిజంగానే కాను, ఇది మా చెల్లెలి పేరు అన్నాను. అప్పుడు చూశాడు. మిషన్ ముందుకు తోసి వేలు పెట్టమన్నాడు. పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. ముప్ఫై ఏడేళ్ళు సోడా నీళ్ళలో నానినా ఈ దిక్కుమాలిన వేళ్ళు చెరగలేదు.

"చూశావా, నువ్వే" అన్నాడు.

"కాదు సార్."

"నువ్వు నువ్వు కాదనడానికి కాగితం ఏదన్నా ఉందా?"

నా ఐదో తరగతి సర్టిఫికెట్ తీశాను. అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో ఫొటో లేదు, ముద్ర లేదు. ఇది నీదేనని ఏమిటి రుజువు?" అన్నాడు. నా దగ్గర ఏముంది? నాన్న లేడు, బడి లేదు. నన్ను ఆ కాగితంలోని పేరుతో పిలవగల మనిషి మీ అమ్మ తప్ప భూమ్మీద ఎవరూ లేరు, అది కూడా అక్కా అనే పిలుస్తుంది. పాపం మంచివాడే, టీ తెప్పించి ఇచ్చి, రెండు రోజులు సెలవు పెట్టి పడుకోమన్నాడు. బయటికి వచ్చి ఆ ఎండలో నిలబడ్డాను. జైలుకు వెళ్ళడానికి తెగించి వెళితే లోపలికి రానివ్వలేదు, అలా ఉంది నా పని.

ఆ తరువాత నీ ఉత్తరం వచ్చింది.

మూడో రోజుకే తగ్గిందా? మూడో రోజుకే? దాన్ని నిలదీసి అడుగు నా తరఫున. ముప్ఫై ఏడేళ్ళు దొంగనని అనుకుంటూ బతికాను. పండక్కో పబ్బానికో కూడా మీ ఇంట్లో రెండో ముద్ద అడగడానికి నోరు రాలేదు నాకు. మీ అమ్మ ఇంట్లో అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవాలన్నా సిగ్గేసేది. ఒక్క మాట చెబితే దాని సొమ్మేం పోయింది? కోపంతో ఆ రోజు ఆపరేషన్ గౌన్ల మీద పిల్లల వార్డు నంబరు రాసేశాను. అవి ఇక పోవు.

రాత్రి కోపం తగ్గాక ఒకటి తోచింది. ఈ కవరులో నా ఐదో తరగతి కాగితం పెడుతున్నాను. గుమాస్తా చెప్పింది నిజమే, దాని మీద ఫొటో లేదు, ముద్ర లేదు. ఎవరు పట్టుకెళితే వాళ్ళదే. ఆ పేరు ముప్ఫై ఏడేళ్ళుగా ఖాళీగా పడి ఉంది. దాన్ని మీ అమ్మను తీసుకోమను.

నువ్వు చేయకూడని పని ఇది అని నాకు తెలుసు. చేయనని నువ్వంటే ఆ కాగితం చించెయ్. నిన్ను ఏమీ అనను.

పెద్దమ్మ


మే 16

పెద్దమ్మా,

చించలేదు.

తొమ్మిదో తేదీన, ఒక్క రోజు మిగిలి ఉండగా, అమ్మను చెప్పుల కొట్టు పైకి తీసుకెళ్ళాను. మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. నీ పేరు, నీ పుట్టిన తేదీ, నీ ఐదో తరగతి ఎక్కించాను. ఒక్కొక్క వేలూ నేనే పట్టుకుని ఆ గాజు మీద నొక్కాను. సూది పోట్లతో వేళ్ళ చివరలు గరుకుగా ఉన్నాయి. తెర మీద "నమోదు విజయవంతం" అని పచ్చగా వచ్చింది. దరఖాస్తుదారుతో మీ సంబంధం అన్న గడిలో "పెద్దమ్మ" అని కొట్టాను. పాత కేసులో ఈ కొత్త నమోదునే రుజువుగా పెట్టి, "నావల్ల వివరాల తప్పు జరిగింది, వేర్వేరు వ్యక్తులు" అని రాసి మూసేశాను. ఇక కాగితం మీద నన్ను కన్నది నువ్వు. అమ్మ నాకు పెద్దమ్మ. ఎప్పుడైనా నువ్వు పోతే అమ్మ పోయిందని రాస్తారు.

అమ్మకు కార్డు వచ్చిందని మేడంకు చెప్పలేకపోయాను. మా పెద్దమ్మకు ఇప్పించాను అన్నాను. వెంటనే కెమెరాతో దిగిపోయింది. అమ్మ తన గదిలోనే చుట్టంలా కుర్చీ అంచున కూర్చుంది. "మీ చెల్లెలు లేరా?" అని అడిగింది మేడం. "పని మీద వెళ్ళిందండీ" అంది అమ్మ, తడుముకోకుండా. వెళ్ళేటప్పుడు మేడం నా భుజం తట్టి, "వ్యాసంలో రాసిన మీ అమ్మగారిది ఎప్పుడు?" అంది. నెలనెలా అడుగుతోంది. తప్పు నిజాయితీగా ఒప్పుకున్నానని మెచ్చుకుని, వచ్చే ఏడాది కూడా నన్నే ఉంచుతున్నారు. కొత్తవాళ్ళకు శిక్షణ ఇవ్వాలట. దేంట్లోనో చెప్పనా? దొంగ నమోదులు పట్టుకోవడంలో. వద్దంటే ఎందుకంటారు. ఎందుకంటే ఏం చెప్పను? సరేనన్నాను. పెద్దమ్మా, ఆ గదికి ఒకటే తలుపు ఉంది, అది మూసేసినట్టే ఉంటోంది నాకు.

మొన్న కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే అమ్మ నా ముఖం చూసి "ఇంత నల్లబడ్డావేమే" అంది. ఇంటికి రాగానే సూదిలో దారం తనే ఎక్కించుకుంది, ఒక్క దెబ్బకు. చాలా సంతోషమేసింది, అది మాత్రం నిజం.

ఒక్క గండం తప్పింది. ఆసుపత్రిలో వరండా నిండా జనం. నర్సు నీ పేరు పిలిచింది. అమ్మ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. అమ్మ పక్కావిడతో మాట్లాడుతోంది. మూడోసారి పిలిచి, లేకపోతే తరువాతివాళ్ళను పంపిస్తానంది. అప్పుడు గుర్తొచ్చి నేను మోచేత్తో పొడిచాను. అమ్మ లేచి "ఉన్నానండీ" అంది.

నువ్వు ఆగస్టులో వచ్చేయ్. అమ్మ నీకోసం మంచం వేయించింది, అద్దం పక్కనే.

గిలక్కాయ


మే 25

తల్లీ,

కన్ను వచ్చిందని చదివి కుర్చీలో కూలబడ్డాను. పొట్టాయన నీళ్ళు తెచ్చాడు. ఏమైందంటే చెల్లికి చూపొచ్చింది అన్నాను. నీకు చెల్లెలుందని ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదే అన్నాడు. నిజమే, చెప్పలేదు.

నీ మీద పెట్టిన బరువు నాకు తెలుస్తోంది. ఒక్క రోజుకని వెళ్ళి నేను బయటికి రాలేకపోయాను. ఏడాదికని వెళ్ళిన నిన్ను కూడా అందులోకే లాగాను. దీనికి నన్ను క్షమించమని అడగను, తిట్టమనే అడుగుతున్నాను. ఆగస్టులో వస్తాను. ముందు మీ అమ్మతో పోట్లాట తీర్చుకోవాలి, దొంగ కుంటుడు కుంటినందుకు.

ఒక్క సంగతి. నీ ఉత్తరంలో మిగతాదంతా చదివాక ఆ వరండా ముక్క దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్తున్నాను. నాన్న పోయాక నన్ను నా పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఎలా ఉంటుందో కూడా మర్చిపోయాను. నర్సు మూడుసార్లు పిలిచిందన్నావు. పూర్తిగా పిలిచిందా, సగమేనా? గట్టిగా పిలిచిందా? అంతమంది విన్నారా?

వెంటనే రాయి.

నీ పెద్దమ్మ